ఒక్క గీతలో ఇమడని పిల్లలు

ఈ కాలం బళ్లకు వంశవృక్షాల మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. ఒక తరగతికి ‘ఫ్యామిలీ ట్రీ’ ప్రాజెక్టు, ఇంకో తరగతికి ‘నా మూలాలు’ చార్టు, ఆ పైతరగతికి మీ రాష్ట్రం బట్టలు కట్టుకుని మీ రాష్ట్రం వంటకం పట్టుకురమ్మని ఒక రోజు. పిల్లలు తమ పెద్దల గురించి తెలుసుకోవాలన్నది మంచి మాటే. బడిపంతులుగా బతికిన నేను కోరుకున్నదీ అదే. నా కోపమంతా వాళ్లు అచ్చేసి ఇచ్చే ఆ కాగితం మీద. స్వస్థలానికి ఒక్క గీత, మాతృభాషకు ఒక్క గీత, ఇంటి పండగకు ఒక్క గీత. ఏ పిల్లకైనా ఊరు ఒకటే, భాష ఒకటే, పండగ ఒకటే అని దాన్ని తయారుచేసినవాళ్లు ముందే తేల్చేశారు.

మా మనవరాలికి ఆ ఒక్క గీత చాలలేదు. మా అమ్మాయి కాకినాడ దగ్గర పల్లెలో పుట్టి పెరిగింది. అల్లుడిది కేరళలో ఒట్టపాలెం వైపు, నాయర్ల కుటుంబం. పిల్ల పుట్టింది హైదరాబాదులో. మాతో తెలుగు, వాళ్ల నాయనమ్మతో, అంటే అచ్ఛమ్మతో మలయాళం, బళ్లో ఇంగ్లీషు, అపార్ట్‌మెంటు కింద ఆటల్లో హిందీ. సంక్రాంతికి మా వాకిట్లో గొబ్బెమ్మలు పెడుతుంది, మలయాళీల విషు పండగ రోజు తెల్లవారకుండానే కళ్లు మూసుకుని వచ్చి వాళ్లింట్లో తొలిచూపుకోసం పేర్చిన కణి చూస్తుంది. బళ్లో మాత్రం, ‘ఒకటే రాయాలమ్మా, మీ నాన్నగారిది రాసెయ్’ అన్నారట. అమ్మాయి సర్దుకుపోదామంది. పిల్ల ఒప్పుకోలేదు. ‘మరి అమ్మమ్మను ఎక్కడ రాయాలి తాతయ్యా?’ అని నన్నడిగింది. పసిపిల్లకు తట్టిన ప్రశ్న ప్రాజెక్టు ఇచ్చిన పెద్దలకు ఎందుకు తట్టలేదు?

మా రోజుల్లో ఇలాంటి చార్టులు లేవు. బడి మా వంశం గురించి అడిగేది కాదు, ఇల్లు చెప్పేది. పంటలు ఇంటికొచ్చే రోజుల్లో వంశరాజులు ఊళ్లోకి వచ్చేవాళ్లు. రైతు ఇళ్ల ముందు కూర్చుని ఆ ఇంటి గోత్రం, ఇంటిపేరు, మూలపురుషుడు ఏ ఊరి నుంచి వచ్చాడు, ఎవరి కొడుకు ఎవరు, ఎవరు ఏ పొలం కొన్నారు, అన్నీ గొంతెత్తి పాడినట్టు చెప్పేవాళ్లు. చేతిలో పుస్తకం ఉండేది కాదు. తండ్రి నోటి నుంచి కొడుకు నేర్చుకున్న విద్య అది. వాళ్లకు ధాన్యం కొలిచి ఇచ్చేవారు. మేము పిల్లలం అరుగు మీద చేరి, మా ముత్తాత పేరు ఎప్పుడొస్తుందా అని చెవులు రిక్కించి వినేవాళ్లం. చరిత్ర మొదట వినిపించింది మాకు అక్కడే.

ఆ గొప్పతనం చెప్పినవాణ్ణి దాని లోటు కూడా చెప్పాలి. అన్ని తరాల ఆ పాటలో మగవాళ్ల పేర్లే వరసగా వచ్చేవి. ముత్తాతను కన్నతల్లి పేరేమిటని అడిగితే జవాబు వంశరాజు దగ్గర ఉండేది కాదు, వంటింట్లో ఉండేది. మా నాయనమ్మకు ఏడూళ్ల ఆడవాళ్ల పుట్టిళ్లు తెలుసు. ఫలానా కోడలు ఎక్కడి నుంచి వచ్చింది, పురిటికి ఎక్కడికి వెళ్లింది, సారె ఏ బండిలో వచ్చింది, ఆమె మేనత్తను ఏ ఊరు ఇచ్చారు, అన్నీ నోటికే. మగ వరసకు పాడే మనిషి ఉన్నాడు, ధాన్యం కొలిచే ఇల్లు ఉంది. ఆడ వరసకు జ్ఞాపకమే దిక్కు. ఆ ముసలమ్మలు పోయిన రోజున సగం వంశం వాళ్లతోనే పోయింది. ఇప్పటి బడి కాగితం ఆ పాత లోటునే కొత్త రంగుల్లో అచ్చేసి పిల్లల చేతికిస్తోంది.

మన పద్ధతి అంతా తండ్రి వైపే అనుకోవడం కూడా తప్పు. పెళ్లిలో ప్రవర చెప్పేటప్పుడు తండ్రి, తాత, ముత్తాత వరస వినిపిస్తారన్నది నిజం. కానీ భాద్రపదంలో మహాలయ పక్షం వచ్చిందంటే తర్పణాలు వదిలే మనిషి తల్లి తండ్రినీ, ఆయన తండ్రినీ, తాతనూ, అటువైపు ఆడవాళ్లనూ పేరుపేరునా తలుచుకోవాలి. చనిపోయినవాళ్లకు నీళ్లు వదిలేటప్పుడు రెండు వైపులా గుర్తుంచుకోమన్న పెద్దలు, బతికున్న పిల్ల తన గురించి రాసుకునేటప్పుడు ఒక వైపు చాలంటారా?

ఇక మా వియ్యాలవారి సంగతి చూడండి. నాయర్ల కుటుంబాల్లో పూర్వం మరుమక్కత్తాయం నడిచేది. పిల్లలు తల్లి ఇంటివాళ్లు. ఆ ఉమ్మడి ఇల్లు తరవాడు. దానికి పెద్ద తండ్రి కాదు, మేనమామ. పేరు ముందుండే ఇంటి అక్షరం కూడా తల్లి ఇంటినుంచే వచ్చేది. నెహ్రూ మంత్రివర్గంలో రక్షణ మంత్రిగా పనిచేసిన వి.కె. కృష్ణ మీనన్ పేరులో ‘వి’ అంటే వెంగాలిల్, అది ఆయన తల్లివైపు ఇల్లు. కేరళ ప్రభుత్వం 1975లో ఉమ్మడి కుటుంబ వ్యవస్థ రద్దు చట్టం చేసి, 1976 డిసెంబరు నుంచి అమలు చేశాక ఆస్తి లెక్కలు మారాయి. తరవాడు జ్ఞాపకం మాత్రం ఇంకా ఉంది. మా వియ్యపురాలు ఇప్పటికీ తన అమ్మమ్మ, ఆమె అమ్మ, ఆ పైన ఆమె అమ్మ పేర్లు ఆగకుండా చెబుతుంది.

ఇప్పుడు రెండు ఇళ్ల పాత లెక్కలూ పక్కపక్కన పెట్టండి. మా లెక్క ప్రకారం కూతురు కన్న పిల్ల అల్లుడి ఇంటిది, కాబట్టి మాది కాదు. వాళ్ల లెక్క ప్రకారం కొడుక్కి పుట్టిన పిల్ల కోడలి ఇంటిది, కాబట్టి వాళ్లది కాదు. ఎవరి లెక్కను వాళ్లు పట్టుకుని కూర్చుంటే మా బంగారుతల్లి ఎవరి వంశంలోనూ లేదు! అదే అల్లుడు తెలుగువాడై, అమ్మాయి నాయరుపిల్ల అయివుంటే రెండు ఇళ్లూ మా పిల్లే అని పోటీ పడేవి. రక్తం అదే, పిల్ల అదే, లెక్క కట్టే పద్ధతి మారితే పిల్లకు ఇల్లే లేకుండా పోతోంది. ఒకే వరస పట్టుకుని మనిషిని లెక్కగట్టడంలోనే ఏదో తప్పుందని ఇంతకన్నా ఎలా చెప్పాలి?

అసలు అచ్చు కాగితంలో ఇమడకపోవడానికి వేరే రాష్ట్రం సంబంధమే అక్కర్లేదు. మన మేనరికాల ఇళ్లను తీసుకోండి. అక్క కూతుర్ని చేసుకున్న తమ్ముడి పిల్లలకు నాయనమ్మే అమ్మకు అమ్మమ్మ కూడా. ఆవిడను ఏ గడిలో రాయాలి? మా క్లాసుల్లో అలాంటి పిల్లలు ఎంతమందో ఉండేవారు. చక్కగా రెండేసి కొమ్మలుగా చీలిపోయే ఆ బొమ్మ చెట్టు మన ఊళ్లను చూసి గీసింది కాదు.

ఆ గడులు నింపే తీరు చూస్తే ఇంకా ఒళ్లు మండుతుంది. మా రోజుల్లో ఒక పేరు తెలుసుకోవాలంటే ఒక మనిషి దగ్గర కూర్చోవాలి. ఇప్పుడు ప్రాజెక్టు రేపు ఇవ్వాలనగా రాత్రి పది గంటలకు తల్లిదండ్రులు హడావుడి పడతారు. స్టేషనరీ షాపులో రెడీమేడ్ చెట్టు దొరుకుతుంది, ఆకులు కూడా కత్తిరించే ఉంటాయి. ఫోన్లోంచి ఫోటోలు కలర్ ప్రింటు తీయించి గ్లూ స్టిక్ పెట్టి అంటించేస్తారు. పిల్ల నిద్రపోతుంది. పొద్దున్నే చార్టు చుట్టి పట్టుకెళుతుంది. అందులో ఉన్న ముత్తాత ఏం చేసేవాడో, ముత్తవ్వ ఏ ఊరి పిల్లో ఆ పిల్లకు తెలియదు. అతికించిన తల్లిదండ్రులకూ తెలియదు. మార్కులు మాత్రం వస్తాయి.

వేషాల రోజు సంగతి సరేసరి. తెలుగువాళ్లంటే ఒక పట్టుపంచె, కేరళవాళ్లంటే ఒక జరీ అంచు తెల్లచీర. రెండు ఇళ్ల పిల్ల ఏదో ఒకటి కట్టుకుని రెండోదాన్ని ఇంట్లో వదిలెయ్యాలి. చొక్కా ఇరుకైతే కొత్త చొక్కా కుట్టిస్తాం గాని పిల్లాడి చేతులు కత్తిరించం కదా. కాగితం ఇరుకైతే కాగితమే మారాలి.

మా రోజులన్నీ బంగారమని నేననడం లేదు. బడి పిల్లల పుట్టుక గురించి అడిగేది కాదన్నాను. ఊరు మాత్రం అడిగేది, గాయపరచడానికే అడిగేది. మాకన్నా ముందు తరంవాడైన కవి గుర్రం జాషువా 1895లో వినుకొండలో పుట్టాడు. తండ్రి వీరయ్య యాదవుడు, తల్లి లింగమ్మ మాదిగ. ఆ ఇద్దరి పెళ్లికి ఊరు వేసిన శిక్షను ఆ పిల్లవాడు చిన్నతనం నుంచీ మోశాడు. బళ్లోనూ బయటా అంటరానితనం ఆయన్ను వెంటాడింది. ఆ అవమానంలోంచే 1941లో ‘గబ్బిలం’ వచ్చింది, పద్మభూషణ్ ఇచ్చి దేశం తల వంచింది. ఆయన కూతురు హేమలత నాస్తికోద్యమ నాయకుడు గోరా కొడుకు లవణాన్ని పెళ్లాడింది. ఉప్పు సత్యాగ్రహం నాటి పిల్లవాడని గోరా ఆ పేరు పెట్టాడు. కులం వాసన తగలని పేరు. ఆ దంపతులిద్దరూ స్టూవర్టుపురంలోనూ, జోగిని దురాచారం ఉన్న పల్లెల్లోనూ పనిచేశారు. ఆ ఇంటి వంశవృక్షం గీయాలంటే ఏ ఒక్క గీత సరిపోతుంది? ఒక గీతే గీస్తే లింగమ్మ అనే తల్లి పేరు తెలుగు సాహిత్యానికే తెలియకుండా పోయేది.

సర్కారు కాగితాలకూ ఈ జబ్బు చాలాకాలం ఉంది. నేను ఉద్యోగంలో చేరినప్పటి అడ్మిషన్ రిజిస్టరులో తండ్రి లేదా సంరక్షకుని పేరుకు గడి ఉండేది, తల్లి పేరుకు ఉండేది కాదు. రాజ్యాంగానికీ ఈ జబ్బు తప్పలేదు. కాజీపేట, గుంతకల్లు, బిట్రగుంట, వాల్తేరు రైల్వే కాలనీల్లో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఉండేవి. రాజ్యాంగం 366వ అధికరణం వాళ్లెవరో చెప్పేటప్పుడు తండ్రి వైపు మగవాళ్ల వరసలో యూరోపియన్ ఉన్నాడా అనే చూసింది. తల్లి ఇంగ్లీషు మనిషి, తండ్రి ఇక్కడివాడు అయితే ఆ పిల్లలు ఆ లెక్కలోకి రారు. కానీ కోర్టులు మెల్లగా కదిలాయి. రచయిత్రి గీతా హరిహరన్ వేసిన కేసులో 1999లో సుప్రీంకోర్టు, తండ్రి బతికుండగా కూడా తల్లి సహజ సంరక్షకురాలు కావచ్చని చెప్పింది. 2012లో ఇంకో కేసులో, కులాంతర వివాహంలో పుట్టిన పిల్లలకు తండ్రి కులమే అని కళ్లు మూసుకుని తేల్చకూడదు, ఎవరి మధ్య ఎలా పెరిగారో చూడాలి అంది. న్యాయమూర్తులు ఇంత ఆలోచించాక కూడా బడి కాగితం ‘నాన్నగారిది రాసెయ్’ దగ్గరే ఆగిపోయింది.

పిల్లను ఒక వైపే రాసుకోమంటే ఏమవుతుందో హైదరాబాదు కోఠీలోనే ఒక కథ ఉంది. మహిళా కళాశాలగా మనందరికీ తెలిసిన ఆ పాత రెసిడెన్సీ భవనాన్ని కట్టించినవాడు జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్, ఈస్టిండియా కంపెనీ తరఫున నిజాం దగ్గర రెసిడెంటు. ఆయన హైదరాబాదు ఉన్నత కుటుంబపు పిల్ల ఖైరున్నీసాను పెళ్లాడాడు. వాళ్లకు ఒక కొడుకు, ఒక కూతురు. కూతురు పేరు సాహిబ్ బేగం. 1805లో ఆ పసివాళ్లిద్దరినీ ఇంగ్లండు ఓడ ఎక్కించారు. అక్కడ బాప్తిస్మం ఇచ్చి కొత్త పేర్లు పెట్టారు. సాహిబ్ బేగం కేథరిన్ అరోరా అయింది, కిట్టీ కిర్క్‌పాట్రిక్‌గా పెరిగింది. పిల్లలు ఓడ ఎక్కిన ఏడాదే తండ్రి కలకత్తాలో చనిపోయాడు. తల్లి బిడ్డల్ని మళ్లీ చూడకుండానే 1813లో కన్నుమూసింది. కాగితాల మీద కిట్టీ పూర్తిగా ఇంగ్లీషు పిల్ల. మనసు ఆ కాగితాన్ని ఒప్పుకోలేదు. దాదాపు నలభయ్యేళ్లు గడిచాక ఆమె హైదరాబాదులో బతికే ఉన్న అమ్మమ్మ షరఫున్నీసాకు ఉత్తరం రాసింది. అమ్మమ్మ ఫారసీలో జవాబు రాయించింది. ఇద్దరూ మళ్లీ కలుసుకోలేదు, ఉత్తరాలే నడిచాయి. పెద్దలంతా కలిసి కొట్టేసిన ఒక గీతను ఆ మనిషి నడివయసులో తన చేత్తో మళ్లీ గీసుకుంది.

అమెరికా నల్లజాతి రచయిత అలెక్స్ హేలీ 1976లో తన బానిస పూర్వీకుల గురించి ‘రూట్స్’ రాస్తే సహవాసి దాన్ని ‘ఏడు తరాలు’గా తెలుగులోకి తెచ్చారు. మా తరం దాన్ని చేతులు మార్చుకుని చదివింది. గాంబియా పల్లెలో వంశగాథలు నోటితో చెప్పే మనిషి గురించి చదివినప్పుడు మాకు మా వంశరాజులే గుర్తొచ్చారు. ఆ పుస్తకానికి మొదటి ఆధారం ఏమిటో తెలుసా? హెన్నింగ్ అనే చిన్న ఊళ్లో హేలీ అమ్మమ్మ వరండాలో కూర్చుని చెప్పిన మాటలు. బానిసల వరసంతా ఆయనకు తల్లి వైపు నుంచే అందింది. ‘నాన్నగారిది రాసెయ్’ అన్న కాగితం ఆయన చేతికి వచ్చివుంటే ఆ పుస్తకమే పుట్టేది కాదు.

లెక్క చూస్తే ఇంకా తేటగా తెలుస్తుంది. పిల్లకు అమ్మానాన్నలు ఇద్దరు, వాళ్లను కన్నవాళ్లు నలుగురు, ఆ పైన ఎనిమిది మంది, ఆ పైన పదహారు మంది. నాలుగు తరాలకే 30 మంది. మేనరికం ఉంటే కొంత తగ్గుతారు. ఒక్క మగ వరసే పట్టుకుని పైకి వెళితే ఆ 30 మందిలో మిగిలేది నలుగురు. తక్కిన 26 మందినీ చెరిపేసి మిగిలినదాన్ని వంశం అంటున్నాం.

అందుకే మేము ఆ కాగితాన్ని పక్కన పెట్టాం. పెద్ద చార్టు కొని మధ్యలో పిల్ల పేరు రాయించాం. చుట్టూ అర్ధచంద్రాల్లా వరసలు, ఎడమకు అమ్మ వైపు, కుడికి నాన్న వైపు. పేర్లు ఎవరి లిపిలో వాళ్లవి, తెలుగు వైపు తెలుగు, మలయాళం వైపు మలయాళం. మిగతా చోటులో పిల్ల పటం గీసింది. ఒట్టపాలెం నుంచి ఒక రైలు గీత, కాకినాడ నుంచి ఒక రైలు గీత, రెండూ వచ్చి హైదరాబాదులో కలుస్తాయి. ఒక్కొక్క మనిషికీ ఒక్క వాక్యం రాయాలని షరతు పెట్టాను. ఆ వాక్యం నెట్లో దొరకదు, అడిగితేనే వస్తుంది. పిల్ల అచ్ఛమ్మకు వీడియో కాల్ చేసింది. మా ఆవిడ పక్కన చేరింది. ఆవిడ సేమియా పాయసం సంగతి చెబితే ఈవిడ పరమాన్నం సంగతి చెప్పింది. వాళ్ల తరవాడు ముందు చెరువు గురించి, మా ముత్తవ్వ వరదలో పెట్టె కాపాడుకున్న సంగతి గురించి పిల్ల తన వంకర అక్షరాలతో రాసుకుంది. తెలియని పేరు దగ్గర గడి ఖాళీగా ఉంచి ‘అడగాలి’ అని రాసింది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ ఖాళీ గడులే. వాటికోసం ఇప్పటికీ అడుగుతూనే ఉంది.

చార్టును టీచరమ్మ మెచ్చుకుని గోడకు పెట్టింది. అచ్చు కాగితం మాత్రం మారలేదు. తర్వాతి తరగతి పిల్లలకూ అదే ఒక్క గీతల కాగితం. ఆ తరగతుల్లో మా మనవరాలి లాంటి పిల్లలే కాదు, తల్లి ఒక్కతే పెంచుతున్న పిల్లలున్నారు. దత్తత వచ్చిన పిల్లలున్నారు, హాస్టల్లో వార్డెనమ్మే దిక్కైన పిల్లలున్నారు. తండ్రి గడి దగ్గర కలం ఆగిపోయే పిల్లను క్లాసంతా చూస్తుంది. పంతుళ్లం అది చూడకపోతే ఇంకేం చూస్తాం? 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం తర్వాత వచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ మూడో తరగతి పరిసరాల పుస్తకం, కుటుంబాలు రకరకాలుగా ఉండొచ్చని ఒక పాఠమే పెట్టింది. పాఠంలో చెప్పినదాన్ని ప్రాజెక్టు కాగితం తుడిచెయ్యకూడదు.

టీచర్లకు నేను చెప్పేది ఇదే. ‘మీ స్వస్థలం ఏది’ అనకండి, ‘మీ ఇంట్లో ఎవరెవరు ఏయే ఊళ్ల నుంచి వచ్చారు’ అనండి. మాతృభాషకు ఒక గీత కాదు, ఇంట్లో వినిపించే భాషలన్నిటికీ చోటివ్వండి. తల్లి, తండ్రి అని గడులు కట్టెయ్యకుండా ‘నన్ను పెంచుతున్నవాళ్లు’ అని విడిచిపెట్టండి. చెప్పడం ఇష్టంలేని పిల్లను బలవంతపెట్టకండి. మార్కులు అలంకారానికి కాదు, అడిగి తెలుసుకున్న ఒక్కొక్క మాటకూ ఇవ్వండి.

నా ఈడు వాళ్లకూ ఒక మాట. కొడుకు పిల్లలు మా వాళ్లు, కూతురు పిల్లలు పరాయివాళ్లు అన్న లెక్క ఇక చాలు. అల్లుడో కోడలో వేరే కులమని, వేరే మతమని, వేరే భాషని మనవల దగ్గర నోరు కట్టుకున్నవాళ్లను నేను చూస్తున్నాను. ఆ అలక వల్ల నష్టపోయేది అల్లుడూ కాదు, కోడలూ కాదు, ఆ పసిపిల్ల. వంశరాజులు రావడం మానేశారు. వంటింట్లో చెప్పే నాయనమ్మలు పోయారు. ఆ పని ఇప్పుడు మనది. పిల్ల అడిగేదాకా ఆగకండి, పిలిచి కూర్చోబెట్టుకుని చెప్పండి. వియ్యాలవారి వైపు పేర్లు కూడా మీరే నేర్చుకుని చెప్పండి.

పిల్ల ఎవరినీ వదులుకోకుండా తన గురించి రాసుకోగలగాలి. ఆ మాత్రం చోటున్న కాగితాన్ని అచ్చువేయించలేని బడి, పిల్లలను వంశం గురించి అడగడమే మానుకోవాలి.